దబ్బనం దిగిన వైపు

“నాలుగో మెట్టు నుంచీ పై దాకా దుమ్ము చెక్కుచెదరలేదు,” అన్నాడు నికొలోజియో, నిచ్చెనను ముట్టుకోకుండా వంగి చూస్తూ. “దీని మీంచి పడి చచ్చిపోయాడంటున్న మనిషి పైకి ఎగిరి వెళ్ళాడా, కొత్వాలు గారూ?”

కొత్వాలు గాస్పారె గుమ్మానికి ఆనుకుని ఆలివ్ కాయలు నములుతున్నాడు. గింజను నేల మీద ఉమ్మేసి, తాపీగా నడిచి వచ్చి, తోలు చేతితొడుగుతో ఆ మెట్లన్నీ ఒక్కొక్కటే శుభ్రంగా తుడిచేశాడు.

“ఏ దుమ్ము?” అన్నాడు.

నికొలోజియో కలం సిరాలో ముంచి తన పుస్తకంలో ఇంకో వాక్యం చేర్చాడు. “దుమ్ము ఉందని ఇందాకే రాశాను. ఇప్పుడు తమరు తుడిచారని కూడా రాశాను. ఇంకేమైనా చెయ్యదలుచుకుంటే చెయ్యండి, సిరా చాలానే ఉంది.”

జెనోవా నేరాల కచేరీకి నికొలోజియో నోటరీ. అనుమానం ఉన్న చావు ఎక్కడ జరిగినా న్యాయాధికారి కంటే ముందు వచ్చేది అతనే. చూసింది, అడిగింది, విన్నది అక్కడికక్కడే రాసి, కింద తన గుర్తు గీస్తాడు. అతను రాసిందే జరిగినట్టు, రాయనిది జరగనట్టు. కొత్వాళ్ళకి కత్తులుంటాయి, వెనక భటులుంటారు, అయినా చివరికి ఈ బక్కమనిషి పుస్తకం ముందు నిలబడాల్సిందే. గాస్పారెకి అతన్ని చూస్తే ఒళ్ళు మండేది అందుకే.

చనిపోయింది పాంతలేయో. బాంకి చౌకుకి ఎదురుగా ఉన్న ఈ మేడగదిలో తన పొడుగాటి జీవితమంతా కూర్చుని ఊరి మాటను కాగితం మీద పెట్టిన నోటరీ. పొద్దున తలుపు తీసేసరికి నిచ్చెన పక్కన బోర్లా పడి ఉన్నాడు. నికొలోజియో ముందు చర్చికి వెళ్ళి, అక్కడికి చేర్చిన శవాన్ని చూసి, ఆ తర్వాతే ఇక్కడికి వచ్చాడు. అక్కడ అతనికి కళ్ళు చెమర్చాయి. ఆ సంగతి మాత్రం పుస్తకంలో ఎక్కించలేదు. తనకి కలం పట్టుకోవడం నేర్పింది ఆ ముసలాయనే.

“బోర్లా పడిన మనిషికి దెబ్బ తల వెనక ఎలా తగిలింది?” అని అడిగాడు.

“పడ్డాడు, దొర్లాడు. ముసలాళ్ళు దొర్లుతారు.”

“ఆయనకి కాళ్ళ వాతం. కుర్చీలోంచి లేవాలంటే పక్కన మనిషి ఉండాలి. నిచ్చెన ఎందుకు ఎక్కుతాడు?”

“నువ్వు ప్రశ్నలు పుట్టించడానికి పుట్టావయ్యా.” గాస్పారె ఇంకో ఆలివ్ కాయ నోట్లో వేసుకున్నాడు. “ప్రమాదం అని నాలుగు ముక్కలు రాసి గుర్తు గియ్యి. గది ఇప్పొలీతోకి అప్పజెప్పేద్దాం. దీన్ని ఓడ ఎక్కించేద్దాం. మధ్యాహ్నం గంట కొడితే లివోర్నో ఓడ లంగరు తీసేస్తుంది. అన్సాల్దో గారు అప్పుడే రెండుసార్లు మనిషిని పంపారు.”

‘దీన్ని’ అన్నది గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న మనిషి గురించి. ముప్పై దాటిన ఆడమనిషి, చేతులు ముందుకి కట్టేసి ఉన్నాయి. పొద్దున ఈ గుమ్మం ముందు నిలబడి “తాతగారిని చంపేశారు” అని చౌకంతా వినబడేలా అరిచింది ఆమె ఒక్కతే. వియొలాంతె అనే పెద్దావిడ ఇంట్లో చిన్నప్పటి నుంచీ బానిస. పెద్దావిడ పోయింది. ఆస్తితో పాటు ఈమె కూడా నాకే వచ్చిందని మేనల్లుడు అన్సాల్దో లివోర్నో వర్తకుడికి అమ్మేశాడు. పెద్దావిడ నన్ను బానిసత్వం నుంచి వదిలేసింది, పత్రం ఉంది అంటుంది ఈమె. ఆ పత్రం మధ్యాహ్నం గంటలోపు దొరికితే ఈమె మనిషి, దొరక్కపోతే సరుకు.

నికొలోజియో ఆమె ఎదురుగా ఇంకో పీట లాక్కుని కూర్చున్నాడు.

“నీ పేరేంటమ్మా?”

“బత్తీనా. అంతకు ముందు వేరే పేరుండేది. దాన్ని ఎవరూ అడగరు.”

“నేను అడుగుతున్నాను.”

“జోహ్రా,” అంది.

రెండూ రాసుకున్నాడు. “పత్రం రాసినప్పుడు నువ్వక్కడ ఉన్నావా?”

“లేనయ్యా. అమ్మగారు నన్ను చేపలకి పంపించారు. బార్తొలోమెయో స్వామి పండగ మర్నాడు. నేను తిరిగొచ్చేసరికి తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కిందకి దింపుతున్నారు. నన్ను చూసి ఆయన టోపీ తీశారు. నాకు టోపీ తియ్యడం ఏంటని వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. పైకి వెళ్తే అమ్మగారు చెప్పారు, నిన్ను వదిలేశానే, కాగితం పాంతలేయో దగ్గర ఉంది, నేను పోయాక వెళ్ళి నకలు తెచ్చుకో అని.”

“నిన్న వచ్చావు.”

“వెలుగుండగానే వచ్చాను. తాతగారు ఇప్పొలీతో గారి చేత ఆ కాగితాల దండ తీయించుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.” ఆమె కట్టేసిన చేతులతోనే గోడకేసి చూపించింది. “ఆ రోజు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. చదివారు. తర్వాత కళ్ళు మూసుకుని ఆ కాగితం మీద బొటనవేలు పెట్టి అలా రుద్దారు, నొప్పి ఎక్కడుందో చూసే వైద్యుడిలా.”

“ఆ తర్వాత?”

“రేపు పొద్దున రా అన్నారు. కాగితం ఎక్కడికీ పోదమ్మా, మా వాళ్ళెవరూ దాన్ని పాడు చెయ్యలేరు అన్నారు. ఏడుస్తున్నాను కదా, ఓదార్చడానికి అన్నారనుకున్నా.”

గాస్పారె ఆవులించాడు. “ముసలాడు ఓదార్చాడు, పడుకున్నాడు. రాసుకో.”

నికొలోజియో లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. మూడు గోడల నిండా ఇనప కొక్కేలకు కాగితాల దండలు వేలాడుతున్నాయి. పత్రం పూర్తయి సాక్షులు లేవగానే దాన్ని దబ్బనంతో నడిమధ్య గుచ్చి తాడుకి ఎక్కించడం ఈ ఊరి నోటరీల పద్ధతి. ఒకదాని తర్వాత ఒకటి, జరిగిన క్రమంలో. ఏడాది చివర తాడు ముడేసి పైన కొక్కేనికి తగిలిస్తారు. పాంతలేయో చేతి మీద ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని వీలునామాలు, ఎన్ని ఓడల పొత్తులు ఈ తాళ్ళకెక్కాయో లెక్క లేదు. ఒక్క దండ తిప్పి చూస్తే చాలు, ఆయన చేతి శుభ్రం మనిషిని కట్టిపడేస్తుంది. మరక లేదు, కొట్టివేత లేదు, అడుగున వరస సంఖ్య తప్పలేదు. ఇలాంటి చేతి కింద ఏడేళ్ళు పనిచేశానని నికొలోజియోకి ఎప్పుడూ గర్వమే. ఈ గది గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతిసారీ తెలియకుండానే వీపు నిటారు చేసుకునేవాడు. ఇవాళా చేసుకున్నాడు.

ఈ ఏడాది దండ చేతికందే ఎత్తులోనే ఉంది. దాని కోసం నిచ్చెన అక్కర్లేదు.

“ఇప్పొలీతో గారూ, ఇలా రండి.”

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న యువకుడు లేచాడు. పదేళ్ళుగా పాంతలేయోకి తోడు నోటరీ. నలుపు కోటు, నలగని తెల్ల కాలరు, గోళ్ళలో సిరా కూడా లేదు. కళ్ళ కింద మాత్రం నిద్ర లేని నీలం కనబడుతోంది.

“గురువుగారిని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?”

“సాయంత్రం ప్రార్థన గంట కొట్టగానే నేను దిగిపోయాను. ఆయన ఇంకా కూర్చునే ఉన్నారు. నేను తిన్నగా ఇంటికి వెళ్ళాను.”

“నాతోనే ఉన్నాడు,” అన్నాడు గాస్పారె గుమ్మం దగ్గర్నుంచి. “ఇద్దరం ఫరినాతా తిన్నాం. సెనగపిండి కొంచెం మాడింది కూడా. కావాలంటే అదీ రాసుకో.”

“మిమ్మల్ని అడగలేదండీ.” నికొలోజియో అడక్కుండా వచ్చిన ఆ సాక్ష్యాన్ని కూడా రాసుకున్నాడు. తిన్నగా ఇంటికి వెళ్ళిన మనిషి కొత్వాలుతో ఫరినాతా ఎక్కడ తిన్నాడో ఎవరూ చెప్పలేదు, అతనూ వెంటనే అడగలేదు. ఇప్పొలీతో మెడ మీద కాలరు దగ్గర ఎర్రబడింది.

“ఈ దండకి గురువుగారు కాకుండా ఇంకెవరైనా కాగితం ఎక్కిస్తారా?”

“ఎవరూ ఎక్కించరు. దబ్బనం కూడా ఆయన నడుముకే ఉంటుంది. ఆ సంగతి మీకూ తెలుసు కదా.”

“నాకు తెలుసు. మీ నోటితో రావాలి.” రాసి, ఇసక చల్లి, ఊదాడు. “ప్రమాణం మీద చెబుతున్నారా? ఈ తాడుకి ఎక్కిన ప్రతి కాగితమూ ఆయన చేత్తో గుచ్చిందే?”

“ప్రమాణం మీద.”

“సరే. దించండి.”

దండ బల్ల మీదకి వచ్చింది. బార్తొలోమెయో పండగ మర్నాటి తేదీ దగ్గర విడుదల పత్రం లేదు. అదే వరస సంఖ్యతో ఒక కూరగాయల తోట కౌలు పత్రం ఉంది. నికొలోజియో దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. పాంతలేయో అక్షరమే. అక్షరాల కింద ఆయన గుర్తే, మూడు మెట్ల మీద శిలువ, దాని చేతుల చివర చిన్న చిన్న ముడులు. సిరా రంగు సరిపోయింది. కాగితంలో నీటిగుర్తు సరిపోయింది. ఎవరు చేశారో గానీ గొప్ప పనివాడు. అంత కోపంలోనూ నికొలోజియో మనసులో మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.

“చూశావుగా,” అన్నాడు గాస్పారె. “విడుదల లేదు, గిడుదల లేదు. కౌలు. తోటకూర కౌలు. లేవ్వే.”

బత్తీనా లేవలేదు. నికొలోజియో కేసే చూస్తోంది.

నికొలోజియో కళ్ళు మూసుకున్నాడు.

బొటనవేలు కౌలు పత్రం మధ్యన చిల్లు మీద పెట్టాడు. అక్షరాలున్న వైపు నున్నగా తగిలింది. వెనక్కి తిప్పి చూపుడువేలితో రుద్దాడు. వెనకవైపు గరుకు. దానికి ముందున్న కాగితం తడిమాడు. తర్వాతది తడిమాడు. ఇంకా ముందుకి, ఇంకా వెనక్కి వెళ్ళాడు. అన్నిటికీ అక్షరాలున్న వైపే గరుకు. ఈ ఒక్కదానికి మాత్రం వెనకవైపు.

అతనికి ఎక్కడలేని దుఃఖం, ఎక్కడలేని సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. నిన్న సాయంత్రం ఇదే చోట, ఇదే కాగితం మీద, ఆ ముసలి వేలు ఆగింది.

“గాస్పారె గారూ, దబ్బనం దిగిన వైపు కాగితం నున్నగా ఉంటుంది. బయటికొచ్చిన వైపు చిల్లు అంచు లేచి గరుగ్గా ఉంటుంది. కాదంటారా?”

“నేను బట్టలు కుట్టుకోను.”

“ఊళ్ళో నోటరీలందరూ కాగితాన్ని రాత పైకి పెట్టి గుచ్చుతారు. గరుకు వెనక పడుతుంది. పాంతలేయో గారు ఒక్కరే బోర్లించి గుచ్చేవారు. ఎందుకో తెలుసా? పత్రం పూర్తయ్యేసరికి ఎదర కుర్చీలో తర్వాతి మనిషి వచ్చి కూర్చునేవాడు. గుచ్చుతున్న ఆ కాస్తసేపులో వాడి కన్ను ముందు మనిషి రహస్యం మీద పడకూడదని. కొత్తలో నేను మరిచిపోయి కాగితాన్ని వెల్లకిలా అందిస్తే, అదే దబ్బనంతో నా వేలి మీద ఒకటి పెట్టేవారు.” అతను కళ్ళు తెరిచాడు. “ఇప్పొలీతో గారూ, ఈ తాడు మీద ప్రతి కాగితమూ ఆయనే గుచ్చారని ప్రమాణం చేశారు. ఇది ఆయన గుచ్చింది కాదు. ఎవరో తాడు విప్పి, పైనున్నవన్నీ తీసి, ఒకటి లాగేసి, దాని చోట దీన్ని పెట్టి మళ్ళీ కట్టారు. అక్షరం ఆయనలా రాశారు. గుర్తు ఆయనలా గీశారు. గుచ్చేటప్పుడు మాత్రం చెయ్యి తన అలవాటున తను గుచ్చేసింది.”

ఇప్పొలీతో పెదాలు తడుపుకున్నాడు. “వయసు మీద పడింది. ఒక్కసారి పొరపాటున...”

“ఆయనా?”

ఆ ఒక్క మాటకి ఇప్పొలీతో తల దించుకున్నాడు. ఎంతైనా అతనూ ఆయన దగ్గర పదేళ్ళు కూర్చున్నవాడే.

గాస్పారె చప్పట్లు కొట్టాడు, చేతితొడుగులతోనే. “భలే. కచేరీలో చెబుదువుగాని. చిల్లు గరుగ్గా ఉంది కాబట్టి ఈవిడ గారు దొరసాని అని. న్యాయాధికారి నవ్వి చస్తాడు. చిల్లు కాదయ్యా, పత్రం కావాలి. పత్రం ఉందా?”

“లేదు.”

“మరి?”

కొత్వాలు చెప్పింది నిజమే. కౌలు దొంగదని తేల్చినంత మాత్రాన విడుదల ఉన్నట్టు కాదు. కిటికీలోంచి రేవు వైపు తెరచాపల కర్రలు కనబడుతున్నాయి, ఒకదాని మీద అప్పుడే మనుషులు ఎక్కుతున్నారు. గాస్పారె బత్తీనా భుజం పట్టుకుని లేవదీశాడు. ఆమె గింజుకోలేదు.

“అయ్యా,” అంది నికొలోజియోతో, చాలా మామూలుగా. “మీరు నా పేరు రాశారు కదా, అది చెరిపెయ్యకండి. ఎక్కడో ఒకచోట ఉండనివ్వండి.”

ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. చెరపడమా. ఈ వృత్తిలో చెరపడం ఎవడికి చేతనవుతుంది? చేతిలో పెట్టిన కాగితాన్ని కాపాడతానని మోకాళ్ళ మీద ప్రమాణం చేసి కలం పట్టినవాళ్ళు. మంటలంటుకున్న ఇళ్ళలోంచి పిల్లల్ని దించాక మళ్ళీ లోపలికి దూకింది దండల కోసమే. సాక్షులు సరే అన్నాక ఒక్క అక్షరం మారిస్తే చేతులు పడిపోతాయని నమ్మే జాతి...

‘మా వాళ్ళెవరూ దాన్ని పాడు చెయ్యలేరు.’

పాంతలేయో ఓదార్చలేదు. దొంగ ఎవరో ఆయనకి వేలితో తెలిసిపోయింది. ఆ దొంగ ఏం చెయ్యగలడో, ఏం చెయ్యలేడో కూడా తెలిసిపోయింది. తన దగ్గర నేర్చుకున్నవాడు కదా.

“ఆగండి,” అన్నాడు నికొలోజియో. “ఇప్పొలీతో గారూ, మీ దండ దించండి. ఈ ఏడాదిది.”

ఎదుటి గోడకి ఇప్పొలీతో సొంత దండలున్నాయి, పాంతలేయోవి ఉన్నన్ని కాదు గానీ అంతే పొందిగ్గా. ఇప్పొలీతో ముఖంలో రక్తం ఇంకిపోయింది.

“కుదరదు. నా దగ్గరికి వచ్చినవాళ్ళ రహస్యాలు అందులో ఉన్నాయి. న్యాయాధికారి ఆజ్ఞ లేకుండా చదవడానికి మీకు హక్కు లేదు.”

“లేదు,” అని ఒప్పుకున్నాడు నికొలోజియో. “చదవను. కళ్ళు మూసుకుంటాను.”

“ఏమిటీ ఆటలు?” అన్నాడు గాస్పారె. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు. “బయట భటులున్నారు. పిలవనా?”

“పిలవండి. వచ్చిన కారణం రాసుకుంటాను.”

గాస్పారె పిలవలేదు. ఇప్పొలీతో వంక చూశాడు, వెళ్ళనీ అన్నట్టు గడ్డం ఊపాడు. అతనికి ఆ దండలో ఏమీ దొరకదనే ధీమా. ఆ ధీమా నికొలోజియో కంటబడింది. భయపడుతున్నది ఒక్కడే. రెండోవాడికి భయపడాలని కూడా తెలియదు.

దండను కిటికీ దగ్గరి బల్ల మీద పెట్టి, అందరికీ కనబడేలా కళ్ళు గట్టిగా మూసుకుని, వేలు నడిపించాడు. రాత వైపు నున్నన. నున్నన. నున్నన. ఇప్పొలీతో కూడా అందరిలాగే గుచ్చుతాడు. దస్తావేజు ఏదైనా దాని తేదీలోనే ఉండాలి, ఇంకో చోట ఉంటే నోటరీకి రాత్రి నిద్ర పట్టదు. కాబట్టి ఎండాకాలం చివర్లో వచ్చే బార్తొలోమెయో పండగ దాకా వెళ్ళాలి. ఈస్టర్ దాటాడు. కోతలు దాటాడు. పై కాగితాల బరువు తగ్గుతూ వచ్చింది.

గరుకు తగిలింది.

కళ్ళు తెరవకుండానే ఇంకోసారి తడిమాడు. తర్వాత కళ్ళు తెరిచి, తాడు మీంచి తియ్యకుండానే ఆ ఒక్క కాగితాన్నే విప్పాడు. పాంతలేయో అక్షరం. మూడు మెట్ల మీద శిలువ. బార్తొలోమెయో పండగ మర్నాటి తేదీ. వియొలాంతె అమ్మగారి పేరు.

“దొరికింది,” అన్నాడు.

అప్పుడు కొత్వాలు గాస్పారె, పక్కనున్న ఇప్పొలీతో వైపు మెల్లగా తిరిగి, చాలా చిన్న గొంతుతో అన్నాడు.

“కాల్చేశానన్నావు కదరా.”

ఇప్పొలీతో గోడకి జారబడ్డాడు. “పొయ్యి దాకా తీసుకెళ్ళాను. రెండుసార్లు తీసుకెళ్ళాను. చేతులు రాలేదు.” తన అరచేతులు చూసుకున్నాడు. “అందరి ముందూ చదివి, సాక్షులు విని, ఆయన గుర్తు గీసిన కాగితం... ఎలా కాలుస్తాం?”

“అన్సాల్దో డబ్బు ఇద్దరం తిన్నాం. ముసలాడు కనిపెట్టేశాడు, కొంప మునిగిందని నిన్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చావు. నీ కోసమే కదరా నేను ఇక్కడికి...” గాస్పారె అక్కడితో ఆపేశాడు. కానీ ఆపాల్సిన చోటు అప్పటికే దాటిపోయింది.

నికొలోజియో వాళ్ళిద్దరినీ చూశాడు. ఒకడు మనిషిని చంపగలిగాడు. ఇంకొకడు చంపించగలిగాడు గానీ కాగితాన్ని చంపలేకపోయాడు. చనిపోయిన రోజు సాయంత్రం, తనని మోసం చేసిన శిష్యుడి మీద కూడా పాంతలేయోకి ఆ ఒక్క నమ్మకం మిగిలింది. ఆ నమ్మకం వమ్ము కాలేదు.

గాస్పారె తలుపు గడియ పెట్టాడు. చేతితొడుగులు తీసి జేబులో దోపుకుని, నడుము నుంచి బాకు లాగాడు. “అది ఇటివ్వు. ఆ పుస్తకం కూడా. నిచ్చెన మీంచి ఇంకో నోటరీ పడ్డాడంటే ఈ ఊరు రెండు రోజులు ఏడుస్తుంది, తర్వాత మరిచిపోతుంది.”

నికొలోజియో దగ్గర ఆయుధం ఏదీ లేదు. వెనక కిటికీ ఉంది. కిటికీ కింద బాంకి చౌకు ఉంది, వర్తకుల కేకలు, బేరాలు, ఎండలో వరసగా బల్లలు వేసుకున్న నోటరీలు. అతను కిటికీ రెక్కలు బార్లా తెరిచి, దండ మొత్తాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, పత్రాలు చదివే గొంతుతో అందుకున్నాడు. లాటిన్‌లో ఉన్నదాన్ని అప్పటికప్పుడు అందరి భాషలోకి మారుస్తూ చదివే ఆ గొంతు కూడా పాంతలేయో నేర్పిందే.

“దేవుని పేరిట, ఆమెన్.”

బాంకిలో ఆ మొదటి మాట విని టోపీ తియ్యనివాడు లేడు. ఎక్కడ పత్రం చదివినా వినడం, అవసరమైతే సాక్షిగా నిలబడడం వాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు. కింద ముందు నోటరీల కలాలు ఆగాయి. తర్వాత బేరాలు ఆగాయి. బోడితలలు, నెరిసిన తలలు, నల్లజుట్టు తలలు ఒక్కొక్కటే కిటికీ వైపు లేచాయి.

“చదవడం ఆపు,” అన్నాడు గాస్పారె పళ్ళ బిగువున. మరో అడుగు వేస్తే కింది వాళ్ళకి కనబడతాడు. అక్కడే ఆగిపోయాడు.

నికొలోజియో ఆపలేదు. “వియొలాంతె అనే నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇంట్లో ఉంటున్న, బాప్తిస్మంలో బత్తీనా అని, తల్లి పెట్టిన పేరు జోహ్రా అని గల స్త్రీని...”

వెనక చిన్న శబ్దం వినబడింది. ఆమె కట్టేసిన చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి పెట్టిన పేరు ఎవరూ అడగరంది ఆమె. అడిగినవాడు ఇంకొకడున్నాడు. అడిగి, పెద్దావిడ చేత చెప్పించి, రాసి, కుర్చీలో మెట్లు దిగుతూ టోపీ తీసి వెళ్ళాడు.

“...ఈ క్షణం నుంచి సర్వ దాస్యం నుంచీ విడుదల చేస్తున్నాను. స్వేచ్ఛ గల తల్లి కడుపున పుట్టినవారితో సమానంగా, ఆమె తనకి ఇష్టమైన చోట ఉండవచ్చు, ఇష్టమైన చోటికి పోవచ్చు. నా వారసులు ఎవరూ అడ్డు చెప్పరాదు.” సాక్షుల పేర్లు చదివాడు. పాంతలేయో పేరు చదివాడు. “విన్నారా?”

“విన్నాం,” అంది చౌకు, ఎప్పుడూ అనేటట్టే, ఒక్క గొంతుతో.

రేవులో మధ్యాహ్నం గంట మొదలైంది. బత్తీనా నడుచుకుంటూ కిటికీ దాకా వచ్చింది, కింది వాళ్ళందరికీ కనబడేలా నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, బాకు పట్టుకుని నిలబడ్డ కొత్వాలు ముందుకి రెండు చేతులూ చాపింది.

“కత్తి ఎలాగూ తీశారు కదండీ,” అంది. “ఈ తాడు కొయ్యండి.”

గాస్పారె కిటికీ వంక చూశాడు. తలలు ఇంకా ఎత్తే ఉన్నాయి. అతను తాడు కోశాడు.

నికొలోజియో కలం సిరాలో ముంచి అది కూడా రాసుకున్నాడు.